ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే రావాలా, బయటి నుంచి తెచ్చుకోవాలా?

వేపచెట్టు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వని విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా కార్యాలయంలో ఒక సర్వరుకు ఇంటర్నెట్ ఉండదు. భద్రత కోసం కావాలనే అలా ఉంచారు. దాని మీద పైథాన్ భాష ఉంది గానీ, బయటి ప్యాకేజీలు దించే పిప్‌తో ఏదీ దించుకోలేం. కొత్త ప్యాకేజీ పెట్టాలంటే అర్జీ రాసి మూడు సంతకాలు తెచ్చుకోవాలి. ఆ సర్వరు నుంచి ప్రతి రాత్రి హాజరు, జీతాల లెక్కలున్న ఫైలు ఒకటి మరో ఊరిలోని కార్యాలయానికి వెళ్తుంది. ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మార్చి, పంపుతున్నామని నాకు ముందు ఈ పని చూసినవారు రాసిపెట్టి వెళ్లారు. నేనూ నమ్మాను. పోయిన సోమవారం వేరే పని మీద ఆ కోడు తెరిచాను.

పదకొండు లైన్లు. ర్యాండమ్ మాడ్యూలుకు ఒక సీడ్ (మొదలుపెట్టే అంకె) ఇచ్చి, అది వరసగా ఇచ్చే అంకెలతో ఫైలులోని ఒక్కో బైటును ఎక్సార్ చేస్తున్నారు (బిట్లు ఒకేలా ఉంటే సున్నా, వేరుగా ఉంటే ఒకటి వచ్చే లెక్క). సీడ్ ఎప్పటికీ మారదు, కోడులోనే రాసి ఉంది. అంటే ప్రతి రాత్రీ అవే అంకెలు, అదే వరస. వరసగా రెండు రోజుల ఫైళ్లు తీసుకుని ఒకదానితో ఒకటి ఎక్సార్ చేసి చూశాను. పైన శీర్షికల వరస రోజూ ఒకటే కాబట్టి అక్కడ మొత్తం సున్నాలు వచ్చాయి. ఉద్యోగుల పేర్లూ అదే క్రమంలో ఉంటాయి కాబట్టి అక్కడా సున్నాలే. అంకెలు మారిన చోట్ల మాత్రమే సున్నా కానివి మెరిశాయి. సీడ్ తెలియని మనిషి కూడా ఇంతవరకు చేయగలడు. మా అధికారిని పిలిచి తెర మీద చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రాసినవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆ యంత్రం మీద వారికి దొరికినవి ఏమిటి? డేటాకు వేలిముద్ర లాంటి హ్యాష్ తీసే హ్యాష్‌లిబ్ ఉంది, తాళంచెవి కలిపి హ్యాష్ తీసే హెచ్‌మ్యాక్ ఉంది, ఊహించలేని అంకెలు ఇచ్చే సీక్రెట్స్ ఉంది, నెట్‌వర్కు కనెక్షన్‌ను కాపాడే ఎస్ఎస్ఎల్ ఉంది. ఒక ఫైలును తాళం వేసి పంపే సాధనం మాత్రం లేదు. జిప్‌ఫైల్ మాడ్యూలు కూడా పాస్‌వర్డ్ ఉన్న జిప్‌ను తెరుస్తుంది గానీ తయారు చేయదు. ఎస్ఎస్ఎల్ మాడ్యూలు వెనక ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది. అదే యంత్రంలో, అదే డిస్కు మీద ఉంది. పైథాన్ నుంచి దానికి దారి లేదు. పెరట్లో బావి ఉండి, తోడుకోవడానికి చేద లేనట్టుంది.

ఇంత ముఖ్యమైనదాన్ని పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఎందుకు ఇవ్వకూడదు? ఇవ్వకపోవడం వల్ల జనం ఎన్‌క్రిప్షన్ మానేయడం లేదు కదా, ఇలా సొంతంగా రాసుకుంటున్నారు.

చుక్కాని
సోమవారం, రాత్రి 10:55

వేపచెట్టు గారూ, మీరు చూసింది చదువుతుంటే కడుపులో తిప్పింది. అయినా మీ ప్రశ్నకు నా జవాబు వద్దనే. కారణం చెబుతాను.

స్టాండర్డ్ లైబ్రరీలోకి వెళ్లిన కోడు గడ్డకడుతుంది. దాని మీద లక్షల ప్రోగ్రాములు ఆధారపడతాయి కాబట్టి కదిలించలేరు. పైథాన్ 2.7 సంగతి గుర్తు చేసుకోండి. అందులో హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు కనెక్ట్ అయితే అవతలి సర్టిఫికెట్ నిజమైనదో కాదో చూసేదే కాదు. ఎవరు ఏ సర్టిఫికెట్ చూపినా సరే అనేది. అదే సమయంలో బయటి ప్యాకేజీ అయిన రిక్వెస్ట్స్ మాత్రం తనిఖీ చేస్తూ వచ్చింది. స్టాండర్డ్ లైబ్రరీకి ఆ తనిఖీ రావడానికి 2014 డిసెంబరులో 2.7.9 విడుదల దాకా ఆగాల్సి వచ్చింది. 2.7లో కొత్త సదుపాయాలు చేర్చకూడదన్న నియమాన్ని పక్కనపెట్టి, అందుకోసం పెప్ 466, పెప్ 476 అని రెండు ప్రతిపాదనలు రాసి, వాదించి సాధించారు. దాని వల్ల కొందరి ప్రోగ్రాములు ఆగిపోయాయి, తిట్లూ పడ్డాయి.

పాస్‌వర్డులను హ్యాష్ చేసే క్రిప్ట్ మాడ్యూలుదీ అదే కథ. పాత యూనిక్స్ పద్ధతిలో అది పాస్‌వర్డులోని మొదటి ఎనిమిది అక్షరాలనే చూసేది. పనికిరాదని అందరికీ తెలిసినా 3.11లో పాతబడిందని ప్రకటించి, 2024 అక్టోబరులో 3.13తో గానీ తీసేయలేకపోయారు. క్రిప్టోగ్రఫీలో పాతబడటమంటే ప్రమాదకరంగా మారడం. మిగతా మాడ్యూళ్లకు ఈ ఇబ్బంది లేదు.

ఉదయగిరి
సోమవారం, రాత్రి 11:20

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. తప్పుగా అడిగితే మన్నించండి.

మా ల్యాబ్ రికార్డులో పైక్రిప్టో అనే ఎన్‌క్రిప్షన్ ప్యాకేజీ పెట్టమని ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ కావడం లేదు. చివరికి సీనియరు ఒకరు చెప్పారు, దాని ఆఖరి విడుదల 2013లోనని, దాని బదులు పైక్రిప్టోడోమ్ పెట్టుకోమని. రెండింటినీ కోడులో పిలిచే పేరు ఒకటే. అంతకుముందు క్రిప్టో అని చిన్న అక్షరాలతో కొడితే ఇంకేదో సంబంధం లేని ప్యాకేజీ దిగింది. స్టాండర్డ్ లైబ్రరీలో ఉంటే నాలాంటివారు ఇలా చీకట్లో తడుముకునే అవసరం ఉండదు కదా? ఇంకో సందేహం. హ్యాష్‌లిబ్ లోపల ఉండవచ్చు గానీ ఏఈఎస్ ఉండకూడదా? తేడా ఏమిటి?

రాతిగోడ
మంగళవారం, ఉదయం 7:15

చుక్కాని గారు చెప్పిన చరిత్ర నిజమే. కానీ స్టాండర్డ్ లైబ్రరీలో పెడితే గడ్డకట్టడం తప్పదన్న మాట ఒప్పుకోను. ఎనిమిదేళ్లుగా గో భాషలో పనిచేస్తున్నాను. అక్కడ ఏఈఎస్, నెట్‌వర్కు కనెక్షన్‌ను కాపాడే టీఎల్ఎస్, డిజిటల్ సంతకాలు అన్నీ భాషతో పాటే వస్తాయి, పైగా కదులుతూనే ఉంటాయి.

గో 1.17 నుంచి టీఎల్ఎస్‌లో ఏ సైఫర్‌కు (ఎన్‌క్రిప్షన్ పద్ధతికి) ముందు చోటు ఇవ్వాలన్నది ప్రోగ్రామరు చేతిలోంచి తీసేసుకుని లైబ్రరీయే నిర్ణయిస్తోంది. 1.18లో క్లయింటు వైపు పాత టీఎల్ఎస్ 1.0, 1.1ను డిఫాల్ట్‌గా మూసేశారు, 1.22లో సర్వరు వైపూ అలాగే మూసేశారు. క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే ఎంఎల్-కెమ్ ప్రమాణం అమెరికా సంస్థ నిస్ట్ నుంచి 2024 ఆగస్టులో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గో 1.24తో అది అందరి చేతిలోకి వచ్చేసింది. మా జట్టులో ఎవరూ ఒక్క లైను మార్చలేదు, కొత్త కంపైలరుతో మళ్లీ బిల్డ్ చేశాం, అంతే. బయటి ప్యాకేజీ అయితే ఎన్ని జట్లు ఆ పని గుర్తుపెట్టుకుని చేసేవి?

మరో మాట. గో లైబ్రరీలో ఈసీబీ పద్ధతి లేదు. చాలామంది అడిగారు, ఇవ్వలేదు. ఒకే ముక్కను ఎన్నిసార్లు ఎన్‌క్రిప్ట్ చేసినా ఒకే ఫలితం ఇచ్చే పద్ధతి అది. వేపచెట్టు గారి ఫైలులో సున్నాలు బయటపడినట్టే అక్కడా నమూనాలు బయటపడతాయి. లోపల ఏమి పెట్టాలో ఎంత ఆలోచించాలో, ఏమి పెట్టకూడదో కూడా అంతే ఆలోచించాలి.

పాతకాపు
మంగళవారం, ఉదయం 8:30

రాతిగోడ గారు ఈసీబీ పేరు ఎత్తారు కాబట్టి నేనూ కలుగజేసుకుంటున్నాను. జావాలో ఏఈఎస్ అని మాత్రమే రాసి సైఫర్ అడిగితే సన్ వారి అమలు ఈనాటికీ ఈసీబీయే ఇస్తుంది. అప్పట్లో ఎవరో తీసుకున్న నిర్ణయం అది. పాత ప్రోగ్రాములు చెడతాయని ఇప్పుడు మార్చలేరు. నేను సమీక్షించిన కోడుల్లో ఎన్నిటిలో ఆ ఒక్క పదం చూసి ఎర్ర గీత గీశానో లెక్కలేదు.

జావాలో మేము పడిన మరో బాధ ఈ తరానికి తెలియదు. అమెరికా ఎగుమతి నిబంధనల వల్ల భాషతో వచ్చిన ఏఈఎస్ 128 బిట్ల దగ్గర ఆగిపోయేది. 256 అడిగితే కీ పొడవు చెల్లదని ఎర్రర్ కొట్టేది. ఇంకో చోటి నుంచి రెండు జార్ ఫైళ్లు దించుకుని, జావా ఫోల్డరులో సెక్యూరిటీ అన్న డైరెక్టరీలో పాతవాటి మీద కాపీ చేయాలి. జావా అప్‌డేట్ అయి కొత్త ఫోల్డరు వచ్చిన ప్రతిసారీ ఆ రెండు ఫైళ్లూ ఉండవు. రాత్రి రెండు గంటలకు ఫోను మోగేది, పేమెంట్లు ఆగిపోయాయని. మొదటి రెండుసార్లు కారణం తెలియక తెల్లవారింది. మూడోసారి నుంచి అవి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరిగాను. 2017లో జావా 9తో, 2018 జనవరిలో జావా 8 కొత్త అప్‌డేటుతో ఆ పరిమితి పోయింది. ఎన్‌క్రిప్షన్ భాషలో భాగమైనప్పుడు ఏ దేశం నుంచి ఆ భాష వస్తోందో ఆ దేశపు చట్టం కూడా దానితో పాటే మన ఇంటికి వస్తుంది.

ఇక 2022 ఏప్రిల్. జావా 15లో దీర్ఘవృత్త వక్రరేఖల గణితంతో చేసే డిజిటల్ సంతకాల (ఈసీడీఎస్ఏ) కోడును సీ ప్లస్ ప్లస్ నుంచి జావాలోకి తిరగరాశారు. ఆ సంతకంలో రెండు సంఖ్యలుంటాయి. రెండూ సున్నా కాకూడదన్న చిన్న తనిఖీ తిరగరాతలో తప్పిపోయింది. ఫలితంగా రెండూ సున్నాలైన ఖాళీ సంతకం ఎవరి పేరు మీదైనా, ఏ సందేశం మీదైనా చెల్లిపోయింది. 15 నుంచి 18 దాకా అన్నిటిలో ఆ లోపం ఉంది. స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్నందువల్ల ఒకే అప్‌డేటుతో నయమైంది, నిజమే. ఒకే పొరపాటుతో అందరికీ సోకింది కూడా అందుకే.

ఇసుకతిన్నె
మంగళవారం, మధ్యాహ్నం 1:05

అలాగని బయట ఉంచితే చల్లగా ఉంటుందని అనుకోకండి. రస్ట్ భాష అసలు ఏ క్రిప్టోగ్రఫీనీ స్టాండర్డ్ లైబ్రరీలో పెట్టలేదు. రస్ట్-క్రిప్టో అని ఒక ప్యాకేజీ ఉండేది. పేరు చూస్తే అధికారికమైనదే అనిపిస్తుంది. దాన్ని ఎవరూ చూసుకోవడం లేదని 2016 నాటి హెచ్చరిక ఉంది. ఆ తర్వాత చాలామంది రింగ్ అనే ప్యాకేజీ మీద నిలబడ్డారు. 2025 ఫిబ్రవరిలో దాని నిర్వాహకుడు విరామం ప్రకటించగానే, నిర్వహణ లేని ప్యాకేజీల జాబితాలోకి అది ఎక్కింది. మా బిల్డులన్నీ ఎర్రబారాయి. టీఎల్ఎస్ ప్యాకేజీ జట్టువారు భద్రతా సవరణల బాధ్యత తీసుకున్నాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ కొద్ది రోజులు నాకు అర్థమైంది, ఎంత పెద్ద భవనం ఒక్క మనిషి భుజాల మీద నిలబడి ఉందో.

చుక్కాని
మంగళవారం, రాత్రి 9:10

ఉదయగిరి అడిగిన ప్రశ్న ఈ చర్చ మొత్తానికి కీలకం, దానికి ఎవరమూ సమాధానం చెప్పలేదు. ముందు అది చెబుతాను, తమ్ముడూ.

హ్యాష్‌కు బైట్లు ఇస్తే బైట్లు వస్తాయి. అందులో తాళంచెవి లేదు, ముక్కలను ఎలా కలుపుకుంటూ పోవాలో చెప్పే మోడ్ లేదు, ఒకసారి వాడిన అంకెను మళ్లీ వాడకూడదన్న నాన్స్ లేదు. తప్పుగా వాడటానికి దారులు తక్కువ. ఏఈఎస్ చేతికిస్తే మోడ్ ఎంచుకోవాలి, నాన్స్ తయారు చేయాలి, దారిలో ఎవరైనా మార్చారా అని తనిఖీ చేయాలి, తాళంచెవి ఎక్కడ దాచాలో చూసుకోవాలి. జీసీఎం మోడ్‌లో ఒకే నాన్స్‌ను ఒకే తాళంచెవితో రెండుసార్లు వాడితే వేపచెట్టు గారి సున్నాలే మళ్లీ కనిపిస్తాయి, పైగా నకిలీ సందేశాలు తయారు చేసే దారి కూడా తెరుచుకుంటుంది. ఏఈఎస్ ఉన్నంత మాత్రాన ఆ పదకొండు లైన్లు బాగుపడి ఉండేవని నేను అనుకోను. ర్యాండమ్ బదులు ఏఈఎస్ ఉండేది, సీడ్ బదులు కదలని నాన్స్ ఉండేది.

హ్యాష్‌కైనా కష్టాలు లేకపోలేదు. ఎస్‌హెచ్ఏ-3 అనే హ్యాష్ పద్ధతికి పైథాన్ తెచ్చుకున్న సీ కోడులో బఫర్ (కేటాయించిన మెమరీ) దాటి రాసే లోపం 2022 అక్టోబరులో బయటపడింది. అదే కోడు వాడిన పీహెచ్‌పీ భాషకూ తగిలింది. ఇప్పుడు 3.12 నుంచి హ్యాష్‌లిబ్ లోపలి కోడుగా హాకిల్-స్టార్ వాడుతున్నారు. గణిత నిరూపణతో సరిచూసిన కోడు అది. నాకు నిజంగా సంతోషం కలిగించిన మార్పు.

రాతిగోడ గారికి ఒక్క మాట. గో వెనక జీతం తీసుకుని పూర్తికాలం ఇదే పని చేసిన నిపుణులున్నారు, ఆరు నెలలకో విడుదల ఉంది. పైథాన్‌లో ఎస్ఎస్ఎల్ మాడ్యూలును చూసుకునేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, వారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా చేస్తున్నవారే. వారి మీద ఇంకో బరువు పెట్టమని అడిగే ముందు ఆ మనుషులు నా కళ్ల ముందు మెదులుతారు.

రాతిగోడ
మంగళవారం, రాత్రి 9:50

మనుషుల గురించి అన్నారే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. అయితే బయటి ప్యాకేజీని చూసుకునేదీ అలాంటి కొద్దిమందే. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే.

కలువ
బుధవారం, ఉదయం 6:45

పీహెచ్‌పీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. పన్నెండేళ్లుగా అదే నా జీవనాధారం.

మాకు ఎమ్‌క్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ఎక్స్‌టెన్షన్ ఉండేది. దాని అడుగున ఉన్న లైబ్రరీకి 2007 తర్వాత విడుదల లేదు. అందులో రిజ్‌న్‌డాల్-256 అనే పేరు చూసి మేమంతా ఏఈఎస్-256 అనుకున్నాం. ఆ 256 తాళంచెవి పొడవు కాదు, ఒకేసారి తాళం వేసే ముక్క (బ్లాకు) పొడవు. ఏఈఎస్‌లో బ్లాకు ఎప్పుడూ 128 బిట్లే. అంటే మేము వాడుతున్నది ఏఈఎస్ కానే కాదు. 2017 నవంబరులో పీహెచ్‌పీ 7.2తో ఎమ్‌క్రిప్ట్‌ను భాషలోంచి తీసేశారు. మా దగ్గర నాలుగేళ్ల కస్టమర్ల వివరాలు ఆ పద్ధతిలో తాళం వేసి ఉన్నాయి. ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో తెరుద్దామంటే తెరుచుకోవు. పాత సర్వరును బతికించి ఉంచి, వరస వరసగా విప్పి, మళ్లీ మూసి కొత్త టేబులులోకి ఎక్కించాం. మూడు వారాలు పట్టింది. తేడా వచ్చిన ప్రతి పేరునూ నేను కళ్లతో చూశాను, ఎందుకంటే చివర్లో సున్నా బైట్లు అతికించే అలవాటు కూడా దానికి ఉంది.

కానీ అదే 7.2లో లిబ్‌సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని భాషలోకి తెచ్చారు. అందులో పెట్టెను మూయి, పెట్టెను తెరువు అన్నంత సూటిగా ఫంక్షన్లు ఉంటాయి. మోడ్ అడగదు. ఎవరైనా ఒక్క బైటు మార్చినా తెరవను అంటుంది. పాస్‌వర్డులకు 2013 నుంచి 5.5లో వచ్చిన పాస్‌వర్డ్_హ్యాష్ కూడా అంతే, సాల్ట్ (ప్రతి పాస్‌వర్డుకూ వేరుగా కలిపే బైట్లు) అదే వేసుకుంటుంది. మా దగ్గర చేరిన కుర్రవాళ్లు మొదటి రోజే దాన్ని సరిగ్గా వాడుతున్నారు. ముక్కలు ఇచ్చి కట్టుకోమంటే మేము పదేళ్లు తప్పుగా కట్టాం, కట్టిన పెట్టె ఇచ్చాక తప్పు చేయడం తగ్గింది. అందుకే చుక్కాని అన్నయ్యా, వద్దని మొత్తానికి తలుపు మూయకండి. పైథాన్‌కూ అలాంటి ఒక్క పెట్టె చాలు.

చుక్కాని
బుధవారం, ఉదయం 9:30

కలువ గారూ, మీ మూడు వారాల కథ చదివాక నా మాట కొంత సడలించుకుంటున్నాను. ఏఈఎస్, మోడ్‌లు, ప్యాడింగులు విడివిడిగా లోపలికి రావడాన్ని నేను ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. మూయడం, తెరవడం అనే రెండే ఫంక్షన్లు, ఫలితం మొదటి బైటులోనే ఏ తరం పద్ధతో గుర్తు, పాత తరాన్ని తెరవగలదు గానీ కొత్తగా ఆ పద్ధతిలో మూయలేదు. ఇలా అయితే ప్రతిపాదనకు నేను మద్దతిస్తాను.

పాతకాపు
బుధవారం, ఉదయం 10:15

పాతదాన్ని తెరవగలదు అన్న చోటే నాకు భయం. తెరిచే కోడు ఇరవై ఏళ్లు ఉండిపోతుంది, దాడి చేసేవాడు ఆ గుర్తు మార్చి పాత దారిలోకి తోస్తాడు. టీఎల్ఎస్‌లో అలాంటి దాడులు చాలా చూశాం. ఈ విషయంలో మిమ్మల్ని ఒప్పించలేకపోవచ్చు, కానీ రాసి ఉంచుతున్నాను.

వేపచెట్టు
బుధవారం, రాత్రి 8:20

అందరికీ కృతజ్ఞతలు. సంతకాలకు వారం పట్టేలా ఉంది, ఫైలు మాత్రం రోజూ వెళ్లాల్సిందే. ఈలోగా హెచ్‌మ్యాక్‌తో లెక్కపెట్టుకుంటూ అంకెల వరస తయారు చేసి దానితో ఎక్సార్ చేయవచ్చా? లేక ఓపెన్ఎస్ఎస్ఎల్ ఆదేశాన్ని పైథాన్ నుంచి పిలిచి పని జరిపించవచ్చా?

చుక్కాని
బుధవారం, రాత్రి 8:55

మొదటిది వద్దు. సిద్ధాంతంగా కుదురుతుంది. కానీ మీ తర్వాత వచ్చేవారు మీ కోడు తెరిచినప్పుడు, మీరు ఆ పదకొండు లైన్లు చూసిన స్థితిలోనే ఉంటారు. రెండోదానిలో, ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని ఎన్క్ అనే ఆదేశం మార్పులను పట్టుకునే జీసీఎం వంటి పద్ధతులను అసలు ఒప్పుకోదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.0లో, పాస్‌వర్డు నుంచి తాళంచెవి తయారు చేయడానికి అది వాడే డిఫాల్ట్ హ్యాష్ ఎండీ5 నుంచి ఎస్‌హెచ్ఏ-256కు మారింది కూడా. ఒక ఊళ్లో పాత వెర్షన్, మరో ఊళ్లో కొత్త వెర్షన్ ఉంటే ఫైలు తెరుచుకోదు.

ఆ వారం పాటు నెట్‌వర్కులో పంపడం ఆపి మనిషితో పంపించండి. సంతకాలు వచ్చాక, ఇంటర్నెట్ ఉన్న యంత్రంలో పిప్ డౌన్‌లోడ్‌తో క్రిప్టోగ్రఫీ అనే ప్యాకేజీ వీల్ (ముందే బిల్డ్ చేసి ఉంచిన) ఫైలునూ, దానికి కావలసిన సీఎఫ్ఎఫ్ఐ, పైసీపార్సర్‌నూ తీసుకోండి. పైథాన్ వెర్షన్, ప్రాసెసరు రకం సరిపోవాలి. హ్యాష్‌లు కాగితం మీద రాసుకుని, అవతల హ్యాష్ తప్పనిసరి అన్న ఆప్షన్‌తో ఇన్‌స్టాల్ చేయండి. వీల్ ఫైలే తీసుకోండి, సోర్సు వద్దు. 2021 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం మా బిల్డులన్నీ పడిపోయాయి. ముందురోజు వచ్చిన క్రిప్టోగ్రఫీ 3.4 విడుదలను సోర్సు నుంచి బిల్డ్ చేయాలంటే రస్ట్ కంపైలరు కావాలి, మా ఆల్పైన్ లినక్స్ కంటైనర్లలో అది లేదు.

మరొకటి మరిచిపోకండి. ఆ వీల్ లోపల ఓపెన్ఎస్ఎస్ఎల్ అతికించి ఉంటుంది. మీ సర్వరులోని ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను ఎవరైనా అప్‌డేట్ చేసినా లోపలిది మారదు. అర్జీలోనే రాయండి, ఈ సంతకాలు ఒక్కసారితో అయిపోవని, కొత్త వీల్ వచ్చినప్పుడల్లా కావాలని. లోపల ఉండాలా బయట ఉండాలా అన్న మన వాదనలో మీ వైపు నాకు బలంగా తోచే వాదన ఇదే.

వేపచెట్టు
తర్వాతి శుక్రవారం, రాత్రి 10:30

సంతకాలు వచ్చాయి. క్రిప్టోగ్రఫీ ప్యాకేజీలోని ఫెర్నెట్ అనే సాధనం వాడాను. తాళంచెవిని కోడులోంచి తీసి, ఆ ప్రోగ్రాము నడిచే ఖాతా మాత్రమే చదవగల ఫైలులో పెట్టాను. నిన్నటి ఫైలునూ ఈరోజు ఫైలునూ తీసుకుని అదే పరీక్ష మళ్లీ చేశాను. మొదట్లో కొన్ని సున్నాలు వచ్చాయి. గుండె ఆగినంత పనైంది. డాక్యుమెంటేషన్ చూస్తే, మొదటి బైటు వెర్షన్ గుర్తు, ఆ తర్వాత ఎనిమిది బైట్లు సమయం, ఆ సమయంలోని మొదటి బైట్లు రోజు రోజుకూ మారవు. అక్కడి నుంచి కింది దాకా ఎక్కడా సున్నాలు గుంపుగా కూర్చున్న నమూనా లేదు. ఫైలు మధ్యలో ఒక అక్షరం మార్చి అవతలి ఊరికి పంపాను, తెరుచుకోలేదని ఫోను చేశారు.

అవతలి కార్యాలయంలో పాత పద్ధతి ఫైళ్లు రెండేళ్లవి ఉన్నాయట, వేరే డిస్కు మీదకు కాపీ కూడా అయ్యాయట. అవన్నీ తెరిచి ఉన్న ఫైళ్లుగానే లెక్కవేసి నివేదిక రాయమని మా అధికారిని అడిగాను. రేపు ఉదయం ఆయనతో కలిసి ఆ ఊరికి వెళ్తున్నాను.